జల్లెడ వాన

పేపరు గట్టిగా పైకి చదవడం ఆయనకి చెవులు మందగించినప్పటి నుంచీ పట్టుకున్న జబ్బు. తనకి వినిపించడం లేదు కాబట్టి లోకంలో ఎవరికీ వినిపించడం లేదనుకుంటాడు పెద్దమనిషి. ఆ రోజు పొద్దున్న కూడా వరండాలో కుర్చీ వేసుకుని, వీధి చివరి సైకిలు షాపు దాకా వినబడేలా చదువుతున్నాడు. రేడియో స్టేషనుకి డెబ్బై అయిదేళ్ళు నిండుతున్నాయట. పెద్ద సభ పెడతారట. స్టేషను చరిత్రంతా ఒక పుస్తకంగా అచ్చు వేస్తున్నారట. అందులో ఆ స్టేషను మొట్టమొదట బయటికి వెళ్ళి రికార్డు చేసిన వాన కథ కూడా ఉంటుందట. అరవై ఏళ్ళ కిందట అప్పటి ఇంజనీరుగారు జడివానలో ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో మైకు పట్టుకుని మేడెక్కి, చూరు కింద నిలబడి, తడిసి ముద్దవుతూ పట్టి తెచ్చిన వాన అట అది.

వంటింట్లో చప్పుళ్ళక్క చేతిలోని గిన్నె ధణేలుమని తొట్టిలో పడింది. అది మాత్రం ఆయనకి వినిపించలేదు.

చప్పుళ్ళక్క అన్న పేరు ఆవిడకి రేడియో స్టేషనులోనే పడింది. అక్కణ్ణించి వీధిలోకి వచ్చింది, వీధిలోంచి ఇంట్లోకి వచ్చింది. కట్టుకున్న మొగుడు అక్క అనలేడు కాబట్టి, ఆ ముక్క కోసేసి "చప్పుళ్ళూ" అని పిలుస్తాడు. ఇప్పుడావిడకి ఎనభై ఒకటి. ఆయనకి ఇంకో నాలుగెక్కువ.

చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, చదివిందే మళ్ళీ చదవమంది. ఆయన మళ్ళీ చదివాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

"ఆ వాన నాది," అంది.

"తెలుసే. నాకు చెప్పి ఏం లాభం? అచ్చు వేసేవాళ్ళకి చెప్పుకో," అని ఆయన పేజీ తిప్పేశాడు.

మాట తేలిగ్గానే అన్నాడు. కానీ అది ఆవిడకి చెవిలో జోరీగలా పట్టుకుంది. ఆ పూటంతా కూరలో ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు చూసుకుంది. అరవై ఏళ్ళు నోట్లో ఉంచుకున్న మాట ఒకటి ఉంది. పుస్తకం అచ్చయితే ఆ మాట ఇంక ఎప్పటికీ లోపలే ఉండిపోతుంది. ఒక్క వాక్యం చాలు. ఆ వాన మేడ మీద కురిసింది కాదు, ఫలానా మనిషి చేతుల్లో కురిసింది అని ఒక్క వాక్యం.

* * *

ఆవిడ ఆ స్టేషనులో చేరింది పద్దెనిమిదో ఏట, ఊడ్చే పనికి. చదువు మూడో తరగతి దాటలేదు. దాటనివ్వలేదు, అది వేరే సంగతి. ఆ రోజుల్లో రేడియో అంటే అంతా అప్పటికప్పుడే. స్టూడియోలో ఎర్రదీపం వెలిగిందంటే లోపలివాళ్ళు ఏం మాట్లాడితే అది ఊళ్ళో ప్రతి సెట్టులోనూ మోగాల్సిందే. దగ్గొస్తే దగ్గూ వెళ్తుంది. నాలిక మడతపడితే దాన్ని వెనక్కి పిలిచే దారి లేదు. నాటకమైతే మరీ ప్రాణసంకటం. ఒకటే మైకు, దాని చుట్టూ అయిదుగురు, చదివేసిన కాగితాన్ని చప్పుడు కాకుండా తివాచీ మీదికి జార్చేస్తూ నిలబడేవాళ్ళు. వాన, ఉరుము, గుర్రపు డెక్కలు వంటివన్నీ పైదేశాల నుంచి వచ్చిన గ్రామఫోను రికార్డుల మీద ఉండేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాన రికార్డు చెయ్యిజారి రెండు ముక్కలైంది. నాటకానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. ఆ కథ మొత్తం వానలో చిక్కుకుని ఒక పాకలో తలదాచుకున్న ఆడా మగా మీద నడుస్తుంది. వాన లేకపోతే వాళ్ళిద్దరూ ఆ పాకలో ఎందుకున్నారో వినేవాళ్ళకి అర్థం కాదు. అర్థం చేసుకుంటే ఇంకా అప్రతిష్ఠ. అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటుంటే, తలుపు దగ్గర చీపురు పట్టుకున్న పిల్ల, కాంటీను నుంచి ఇనప చుట్టు ఉన్న జల్లెడా, రెండు గుప్పెళ్ళ ఎండు బఠాణీలూ తెప్పిస్తే వాన నేను కురిపిస్తానంది. వేరే రోజయితే నవ్వి పొమ్మనేవాళ్ళు. ఆ రోజు నవ్వడానికి తీరిక లేదు.

కురిపించింది. ముందు నాలుగు చినుకులు, తర్వాత జల్లు, తర్వాత కుంభవృష్టి. మణికట్టు ఎంత వంచితే ఎంత వానో ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. రేడియో విని, దండెం మీద బట్టలు తియ్యడానికి పరిగెత్తిన ఇల్లాళ్ళున్నారని మర్నాడు ఊరంతా చెప్పుకున్నారు.

ఆ తర్వాత మూడేళ్ళు స్టేషనులో చప్పుడన్నది ఆవిడ చేతి మీదే నడిచింది. రేకు ఊపితే ఉరుము. మిఠాయిలకి చుట్టే గాజు కాగితం నలిపితే మంట. పాత గొడుగు టపటపా తెరిచి మూస్తే రెక్కల చప్పుడు. ఇసక తొట్టిలో రెండు జోళ్ళు చేతులకి తొడుక్కుని నడిపిస్తే దొంగ వస్తున్నాడని వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. నాటకం కాగితాలు గబగబా చదవడం రాదు కాబట్టి, రిహార్సలులో చెవి ఒగ్గి విని, అంచున తనకి తెలిసిన బొమ్మలు గీసుకునేది. వానకి గొడుగు, ఉరుముకి పళ్ళెం, తలుపుకి గడియ. నటులు పేజీ తప్పినా ఆవిడ బొమ్మ తప్పలేదు. నాటకం అయ్యాక రాసినవాడి పేరు, ఆడినవాళ్ళ పేర్లు, వాయించినవాళ్ళ పేర్లు వరసగా చెప్పేవాళ్ళు. వానకి పేరేమిటని ఎవరికీ తోచలేదు.

అప్పుడు టేపు యంత్రం వచ్చింది. ట్రంకు పెట్టెంత ఉండేది. మాట్లాడినదంతా పట్టుకుని మళ్ళీ వినిపిస్తుందంటే చూడ్డానికి పైఅధికారులు బంధువుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఇంజనీరుగారు ఆవిణ్ణి పిలిచి, ఒక రీలు ఏడు నిమిషాలు తిరుగుతుంది, అది తిరిగినంతసేపూ ఆగకుండా వాన కురిపించమన్నాడు. ఒకసారి పట్టి ఉంచితే ప్రతి నాటకానికీ నిన్ను కష్టపెట్టక్కర్లేదని కూడా అన్నాడు. ఎంత దయ.

ఆవిడ పెళ్ళయి అప్పటికి నాలుగో రోజు. స్టూడియో తలుపు దగ్గర ఒక పళ్ళెం ఉండేది. లోపలికి వెళ్ళేవాళ్ళు గాజులు, గడియారాలు, తాళాల గుత్తులు అందులో పెట్టి వెళ్ళాలి. జోళ్ళు బయటే. అదొక మడి. ఆవిడ గాజులు తీసింది, బీరువా తాళాలు తీసింది. ఉంగరం తియ్యలేదు. నాలుగు రోజుల ఉంగరం, వేలికి ఉన్నట్టు ఇంకా గుర్తుండేంత చనువు రాలేదు దానితో.

ఆవిడకి ఊపుకి ఒక సెకను లెక్క. చెయ్యి ఒకే తీరుగా ఆడాలంటే లోపల లెక్కపెట్టుకోవాల్సిందే. నూరు దాటింది, రెండు వందలు దాటింది. భుజాలు పీకుతున్నాయి. రెండు వందల నలభయ్యో ఊపుకి పట్టు సడలి వేలు జారింది. ఉంగరం జల్లెడ చుట్టుకి తగిలింది.

టింగ్.

చెయ్యి మాత్రం ఆగలేదు. అద్దం అవతల ఇంజనీరుగారు కానివ్వమని చెయ్యి ఊపాడు. మిగిలిన మూడు నిమిషాలూ కురిపించి, బయటికి వచ్చి, మళ్ళీ చేస్తానని బతిమాలింది. ఆయన వినలేదు. రీలు చెరిపి మళ్ళీ పట్టాలంటే ఎందుకో పైవాళ్ళకి రాసుకోవాలట. "బాగానే ఉందిలే. చూరు నీళ్ళు రేకు మీద పడ్డట్టుంది," అని, డబ్బా మీద 'వాన, చూరు నీళ్ళతో' అని రాసేశాడు.

తర్వాత డబ్బాలకి కార్డులు రాయడానికి ఒక గుమాస్తా వచ్చాడు. చూరు ఉందంటే ఇల్లుండాలి, ఇల్లుందంటే బయట తీసుండాలి అని తన తెలివంతా ఉపయోగించి, 'బయట తీసినది' అని చేర్చాడు. ఆ రెండు మాటలే పెరిగి పెద్దవై మేడెక్కాయి, గొడుగు పట్టాయి, ఇంజనీరుగార్ని తడిపాయి.

తను కురిపించిన వానే తన పనికి ఎసరు పెట్టిందని ఆవిడకి ఆరు నెలలకి గాని అర్థం కాలేదు. వాన అయ్యాక ఉరుము పట్టారు, ఉరుము అయ్యాక తలుపు పట్టారు. అన్నీ డబ్బాల్లోకి వెళ్ళాక ఆవిడ చేతులు ఖాళీ. టేపుల గదిలో అటెండరుగా వేశారు. ముప్పై అయిదేళ్ళకి పైగా తన వాన డబ్బా తనే మోసుకెళ్ళి స్టూడియోలో ఇచ్చి, తనే తిరిగి తెచ్చి బీరువాలో పెట్టింది. ఆ వాన ఎంత నమ్మకంగా కురిసేదంటే, కథలో ఏమీ తోచనప్పుడల్లా రచయితలు దాన్ని కురిపించేవాళ్ళు.

ఇంజనీరుగారు రిటైరైన రోజు సభలో ఎవరో లేచి, మీరు వానలో మేడెక్కి తీశారట కదా అని పొగిడారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. నవ్వాడు. ఆవిడ గోడ పక్కన టీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఆ ట్రే కింద పెట్టి నోరు తెరవాల్సింది. తెరవలేదు. చేతిలో ట్రే ఉంటే మనిషికి నోరు ఉండదు. ఆ సంగతి తలుచుకుంటే ఇవాళ్టికీ ఆవిడకి ఒళ్ళు మండుతుంది. ఆయన మీద సగం, తన మీద సగం.

ఆ టింగుని ఊళ్ళో నిజంగా పట్టించుకున్న మనిషి ఒక్కడే, ఆ ఉంగరం తొడిగినవాడు. ఆయనది రేడియో రిపేరు కొట్టు. వేడెక్కడానికి నిమిషం పట్టే పాత బల్బు సెట్లని జనం దుప్పట్లో చుట్టి, చంటిపిల్లల్లా చంకన పెట్టుకుని తెచ్చేవాళ్ళు. బాగుచేసిన సెట్లన్నీ ఆయన ఆదివారం నాటకం దాకా ఆపేవాడు. నాటకంలో వాన వస్తే ఒక్కొక్క సెట్టు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. టింగు తేటగా పలికితే సెట్టు బాగయినట్టు. మొద్దుగా పలికితే మళ్ళీ విప్పేవాడు. సెట్టు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు, ఇంకా వాన పడలేదండీ అని ఆయన చెబితే ఆకాశం వైపు చూసేవాళ్ళు. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, తర్వాత టీవీలు, తర్వాత ఫోనులోనే రేడియో. ఇప్పుడా కొట్టులో ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు.

* * *

మూడో రోజున చీర మార్చుకుని స్టేషనుకి వెళ్ళింది. గేటు దగ్గర యూనిఫారం కుర్రాడు ఎవరిని కలవాలని అడిగాడు. పుస్తకం రాసేవాణ్ణి అంది. పేరు చెప్పమన్నాడు. పేరు తెలిస్తే నీతో పనేమిటంది. ముందుగా ఫోను చేసి టైము తీసుకోవాలన్నాడు. ఈ గేటుకి తలుపులు లేని రోజుల్నించీ నేనిందులో తిరిగానని ఆవిడ చెబితే, అవును మామ్మగారూ అంటూనే కుర్చీ చూపించాడు. రెండు గంటలు కూర్చుంది. లోపల్నించి మీటింగులో ఉన్నారని కబురు వచ్చింది. మంచినీళ్ళు కావాలా అని మాత్రం మూడుసార్లు అడిగాడు పాపం.

రెండోసారి ఆయనచేత నాలుగు చోట్లకి ఫోను చేయించి, టైము తీసుకుని వెళ్ళింది. ఆయనకి వినబడదు కాబట్టి అవతలివాళ్ళు అరిచి అరిచి, ఈ గోల ఎందుకని రమ్మన్నారు. స్టేషను డైరెక్టరు మెత్తటి మనిషి. మెత్తటి మనుషులతోనే ఇబ్బంది, ఎంత నొక్కినా వేలు లోపలికి పోతుందే గాని అవతల ఏమీ తగలదు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, తలాడిస్తూ అంతా విన్నాడు. తర్వాత కంప్యూటరులో కార్డు తీసి చూపించాడు. అందులో 'బయట తీసినది' అని ఉంది. ఆ గుమాస్తా చచ్చి పదిహేనేళ్ళయింది. వాడి తెలివి మాత్రం కంప్యూటరెక్కి నిక్షేపంలా ఉంది.

"మీ మాట కాదనను అమ్మా. కానీ మీ దగ్గర కాగితం ఏమైనా ఉందా?" అన్నాడు.

"కాగితం రాసేవాళ్ళ దగ్గర ఉంటుంది బాబూ. నా దగ్గర జల్లెడ ఉంది," అంది.

ఆయన నవ్వాడు. అదే నవ్వు, అవునూ కాదూ కానిది. ఆ ఆఫీసు కుర్చీల్లోనే ఏదో ఉందని ఆవిడకి అనిపించింది. పుస్తకం శుక్రవారం ప్రెస్సుకి వెళ్తుందని, ఈలోగా ఏదైనా ఆధారం దొరికితే తప్పకుండా చూద్దామని లేచి నిలబడ్డాడు. లేచి నిలబడితే ఇంక పొమ్మని అర్థమని ముప్పై తొమ్మిదేళ్ళు ఆఫీసులో పనిచేసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంటికి వచ్చి ఆ కోపమంతా మొగుడి మీద తీర్చింది. ఈ ఉంగరం మీరు తొడగకపోతే ఆ టింగు ఉండేది కాదు, టింగు లేకపోతే చూరు ఉండేది కాదు, చూరు లేకపోతే వాడు మేడెక్కేవాడు కాదు అని దులిపేసింది. ఆయనకి ఉంగరం, టింగు అన్న రెండు మాటలే వినిపించినట్టున్నాయి. కాసేపు ఆలోచించి, "మరి అదే ఆధారం కదే," అన్నాడు.

ఆవిడ వేలికేసి చూసుకుంది. కణుపులు వాచి ఆ ఉంగరం వేలి నుంచి ఊడి రాక పాతికేళ్ళయింది.

* * *

గురువారం ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆవిడ సంచిలో జల్లెడ ఉంది. డైరెక్టరు ఈసారి వాళ్ళని తన గదిలో కూర్చోబెట్టకుండా, సౌండు చూసే అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. పాతికేళ్ళ పిల్ల, మెడలో హెడ్‌ఫోను, ముందు రెండు తెరలు. పాత టేపులన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది తనేనంది. ఎక్కించాక రీళ్ళన్నీ పాత సామాన్లవాడికి పోయాయట. బీరువాలు ఉన్నచోట ఇప్పుడు చల్లగాలి యంత్రం ఉంది.

ఆవిడ తనకి ఏదీ చూపించక్కర్లేదంది. వాన పెట్టమంది. తెరకి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చుంది. గదిలో వాన మొదలైంది. నాలుగు చినుకులు, జల్లు, తర్వాత హోరు. ఎవరో పట్టి ఆడిస్తున్నట్టు ఆవిడ మణికట్లు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. మూడు గడిచాయి. ఆవిడ పెదవులు మాత్రం లెక్కకి కదులుతున్నాయి.

ఆవిడ కుడి చెయ్యి పైకెత్తింది. "ఇప్పుడు," అంది.

టింగ్.

ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరిపి మళ్ళీ వినిపించింది. ఆవిడ సంచిలోంచి జల్లెడ తీసి, ఉంగరం ఉన్న వేలితో దాని అంచుని కొట్టింది. జల్లెడ వేరేది, ఉంగరం అదే. రెండు టింగులూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఆనాడు వేలు జారిన సంగతీ, మళ్ళీ చేస్తానని బతిమాలినా ఇంజనీరుగారు ఒప్పుకోని సంగతీ చెప్పింది.

"చూరు నీళ్ళయితే ఏడు నిమిషాల్లో ఒక్కసారే పడతాయా?" అని అడిగింది.

డైరెక్టరు ఆ పిల్లకేసి చూశాడు. పుస్తకం రాసిన పెద్దలెవరికీ ఆ ప్రశ్న తట్టలేదని తెలిసిపోయింది. ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని, "మామ్మగారూ, ఆ వాన మీరేనా? నేను చదువుకునేటప్పుడు మాకు దాన్ని పాఠంలా వినిపించేవాళ్ళు," అంది. ఆవిడకి ఆ మాట ఎక్కడో తగిలింది గాని పైకి కనబడనివ్వలేదు. మొగుడు మాత్రం ఏమందే, ఏమందే అని అడుగుతూనే ఉన్నాడు.

డైరెక్టరు బుర్ర గోక్కున్నాడు. ఇంజనీరుగారి కొడుకూ మనవడూ సభకి ముఖ్య అతిథులుగా వస్తున్నారని, మేడ మీద గొడుగుతో ఆయన బొమ్మ గీయించి పుస్తకం అట్ట మీద వేశారని, అన్నీ అయిపోయాక ఇప్పుడు ఎలా అని కొంచెంసేపు నలిగాడు. చివరికి ఒక వాక్యం పెట్టిస్తానన్నాడు. తప్పకుండా పెట్టిస్తానన్నాడు. ఆవిడ మూడో తరగతి చదివిన చేత్తో తన పేరు ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. అక్షరాలు వంకర పోకుండా రెండుసార్లు రాసింది.

దారిలో ఆయన, "గెలిచావే చప్పుళ్ళూ," అన్నాడు. అచ్చయ్యేదాకా ఆ మాట అనకండి అంది గాని, ఆ సాయంత్రం కూరలో ఉప్పు సరిగ్గా పడింది.

* * *

సభకి పిలిచారు. నాలుగో వరసలో కూర్చోబెట్టారు. వేదిక మీద ఇంజనీరుగారి ఫోటోకి పెద్ద దండ. కొడుకు మాట్లాడాడు, మా నాన్నగారికి ఆ వానలో తడిసి పది రోజులు జ్వరం వచ్చిందని. కథకి జ్వరం కూడా తోడైంది. ఆవిడ పళ్ళ బిగువున కూర్చుంది. సంగతి పుస్తకంలో ఉంది కదా, వీళ్ళు ఏం మాట్లాడితే ఏమనుకుంది.

పుస్తకాలు పంచారు. ఆవిడకి కళ్ళజోడు పెట్టుకున్నా ఆ సన్నటి అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం. మొగుడి చేతికిచ్చి, వాన పేజీ తియ్యమంది. ఆయన తీశాడు. చదివాడు. ఆయన చదవడం అంటే తెలుసు కదా.

"ఈ అపురూపమైన రికార్డింగులో స్టేషను సిబ్బంది కూడా తమ వంతు సహకారం అందించారు!" అని హాలంతా మోగింది.

వేదిక మీద మాట్లాడుతున్నవాడు ఆగాడు. వందమంది వెనక్కి తిరిగారు. ఆయన పేజీ ఇటూ అటూ తిప్పి, వేలు పెట్టి వెతికి, "నీ పేరు ఎక్కడే?" అని అంతే గట్టిగా అడిగాడు.

ఆ క్షణంలో ఆవిడ చేతుల్లో ట్రే లేదు. లేచింది. "లేదండీ. వానకి పేరుండదట. పదండి," అంది. గట్టిగా అనలేదు, కానీ అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు కాబట్టి అందరికీ వినబడింది. డైరెక్టరు చేతిలో కాగితం చూసుకున్నాడు. ఇంజనీరుగారి కొడుకు ఏమిటి సంగతని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. ఆ పక్కవాడు నవ్వాడు. ఏ నవ్వో చెప్పక్కర్లేదు.

బయట మెట్ల దగ్గర సౌండు పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. పుస్తకంలో రాసింది దానికింకా తెలియదు. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, మీకోసం ఒక పని చేశానంది. ఆ రోజు మీరు అన్నారు కదా, మళ్ళీ చేస్తానని బతిమాలినా ఒప్పుకోలేదని. అది నాకు మనసులో ఉండిపోయింది. అందుకే కూర్చుని ఆ టింగు తీసేశాను. ఎక్కడ తీశానో మీరు కూడా పట్టుకోలేరు. ఇవాళ ఏడింటి నాటకంలో మీ వాన ఒక్క మచ్చ లేకుండా వస్తుంది, వినండి మామ్మగారూ అంది.



"పాతది ఉందా అమ్మా?" అంది ఆవిడ.

"పాతదెందుకండీ? దాని మీదే సేవ్ చేసేశాను," అంది ఆ పిల్ల.

రీళ్ళు పాత సామాన్లవాడికి పోయాయి. కంప్యూటరులోది ప్రేమగా తుడిచేశారు. అరవై ఏళ్ళుగా ఆ వానలో ఆవిడది అనడానికి ఉన్నదల్లా ఆ ఒక్క తప్పు. తిట్టడానికి నోటి దాకా వచ్చింది. ఆ ఊళ్ళో ఆవిడ నోటికి జడవనివాళ్ళు లేరు. కానీ ఎదురుగా ఉన్నది, మొత్తం స్టేషనులో ఆవిడకి మేలు చెయ్యాలని కూర్చుని పనిచేసిన ఒకే ఒక్క మనిషి. దాన్ని తిడితే ఇంక మిగిలేదెవరు? మంచిదమ్మా అంది. ఆ మంచిది అనడానికి ఆవిడకి పట్టిన శ్రమ ఏడు నిమిషాలు జల్లెడ ఆడించడానికి కూడా పట్టలేదు.

ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక కూడా వాగలేదు. అది చూసి ఆయన భయపడ్డాడు. తనే లేచి టీ పెట్టాడు. పంచదార ఎక్కువైందని ఆవిడ అనేదాకా ఆయనకి ఊపిరి ఆడలేదు.

ఏడింటికి రేడియో పెట్టాడు. కొట్టు మూసిననాడు ఇంటికి తెచ్చుకున్న ఒకే ఒక్క పాత సెట్టు అది. ఎప్పటిలాగే కుర్చీ దగ్గరికి లాక్కుని, మంచి చెవి దానికి ఆనించి కూర్చున్నాడు. మాటలు ఆయనకి అందడం మానేసి చాలా కాలమైంది. అయినా వాన వచ్చిందంటే మాత్రం చెయ్యెత్తి ఆవిణ్ణి ఆగమంటాడు. హోరంతా ఆయనకి మసకగానే ఉంటుంది. ఆ మసకలోంచి టింగు ఒక్కటే ఎలాగో అందుతుందట.

నాటకంలో రెండో ఘట్టానికి వాన మొదలైంది. ఆయన చెయ్యెత్తాడు.

ఆవిడ చెబుదామనుకుంది, ఇంక రాదండీ, తీసేశారని. ఆయన మొహం చూసింది. బల్బు సెట్ల రోజుల్లో కొట్టులో కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాడు, కనుబొమ్మలు ముడేసి, ఎవరి సెట్టో పాస్ చెయ్యాలన్నట్టు. ఆవిడ లోపలికి వెళ్ళి ఇత్తడి గ్లాసు తెచ్చి, సెట్టు వెనక బల్ల మీద బోర్లించింది. ఆయన పక్కనే నిలబడి లెక్క మొదలుపెట్టింది. ఎన్ని ఊపులు పోయాయో అప్పటికే మణికట్టుకి తెలుసు.

నూట తొంభై. రెండు వందలు. రేడియోలో ఎవరో పెద్దాయన కూతురితో దెబ్బలాడుతున్నాడు. రెండు వందల ముప్పై. ఆయన చెవి ఇంకాస్త ఆనించాడు.

"ఇంకా రాలేదేమే," అన్నాడు.

"తొందరేమిటి, వస్తుంది," అని ఆవిడ వేలు మడిచి, రెండు వందల నలభైకి ఉంగరంతో గ్లాసుని కొట్టింది.

ఆయన చెయ్యి దించాడు. వెనక్కి వాలాడు.

"సెట్టు బాగానే ఉంది," అన్నాడు.

"సెట్టుకేం రోగం," అంది ఆవిడ. గ్లాసు తియ్యలేదు. ఈ నాటకంలో వాన ఆగేలా లేదు, ఏడు నిమిషాలూ అయ్యాక అదే వాన మళ్ళీ మొదటికి తిరుగుతుంది. నాలుగు చినుకుల దగ్గర్నించి మళ్ళీ ఒకటి అని లెక్క పెట్టుకుంటూ, స్టేషను వాళ్ళందరినీ మనసులో పేరు పేరునా తిట్టుకుంటూ, అక్కడే నిలబడింది.